బెంగళూరు వేసవిలో సికాడాలు: ఎప్పుడు వినాలి, ఎలా చూడాలి?

ఏప్రిల్‌లో లాల్‌బాగ్‌లో నడుస్తుండగా చెట్ల మీదినుంచి ఎడతెగని ఝుంకారం వినబడిందనీ, అది సికాడాలదని తోటివారు చెప్పారనీ, ఇంటికి వెళ్ళి చదివితే ఏటేటా వచ్చే సికాడాలు జులై, ఆగస్టు నెలల్లో కనబడతాయని రాసి ఉందనీ, ఇంతకీ బెంగళూరులో వీటిని ఏ కాలంలో వినాలో, దగ్గరగా చూడాలంటే ఏం చేయాలో చెప్పమనీ మీరు అడిగారు. ఈలపురుగు అని మనవాళ్ళు పిలిచే ఈ కీటకం, కొమ్మకొమ్మా వెతుక్కుంటూ తిరిగేవారికంటే ఒకచోట నిలబడి చెవి ఒగ్గేవారికే ముందుగా దొరుకుతుందని నా నమ్మకం. అందుకే ఈ సమాధానంలో చూడడం కంటే వినడం గురించే ఎక్కువగా రాస్తున్నాను.

మీరు చదివిన నెలలు ఉత్తర అమెరికాకు చెందినవి. అక్కడ నియోటిబిసెన్ ప్రజాతి సికాడాలను, వాటి దగ్గరి బంధువులను వార్షిక సికాడాలని వ్యవహరిస్తారు. అవి ఒక్క ఏడాదిలో పుట్టి పెరిగి చనిపోయేవి కావు. ఒక్కో పురుగు నేలలో సుమారు రెండు నుంచి ఐదేళ్ళు పెరుగుతుంది, కాని వేర్వేరు సంవత్సరాల్లో పుట్టినవి ఒకే నేలలో కలిసి ఉంటాయి కాబట్టి ప్రతి వేసవిలోనూ కొన్ని బయటికి వస్తూనే ఉంటాయి. అదే దేశంలోని మ్యాజిసికాడాలు మాత్రం 13 లేదా 17 ఏళ్ళు నేలలో గడిపి, ఒక ప్రాంతంలోనివన్నీ ఒకేసారి పైకి వస్తాయి. 2024లో వాటిలో రెండు పెద్ద సమూహాలు, ఒకటి 13 ఏళ్ళది, మరొకటి 17 ఏళ్ళది, 1803 తరువాత మొదటిసారిగా ఒకే వేసవిలో వచ్చాయి. మన దేశంలోనూ ఇటువంటి లెక్క పాటించే జాతి ఉంది. మేఘాలయలోని రి-భోయ్ జిల్లాలో స్థానికులు నియాంగ్‌టాసర్ అని పిలిచే క్రెమిస్టికా రిభోయ్ నాలుగేళ్ళకొకసారి వస్తుంది. 2010, 2014, 2018, 2022 సంవత్సరాల్లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరిగిన ఏడాదే అదీ వచ్చింది. బెంగళూరులో అటువంటి ఎదురుచూపు అవసరం లేదు. మనకు వినబడేవి ఏటేటా వచ్చేవే.

ఇక కాలం సంగతి. అమెరికా వేసవికీ మన వేసవికీ మధ్య మూడు నాలుగు నెలల తేడా ఉంది కనుక, అక్కడి క్యాలెండరు పట్టుకుని జులైలో బయలుదేరితే మీకు ముసురు, తడిసిన బూట్లు తప్ప పెద్దగా దక్కేది ఉండదు. ఇక్కడ చెవి పెట్టవలసింది మార్చి చివరివారం నుంచి మే నెలాఖరు వరకు. ఎండ బాగా ముదిరి, మామిడి కాయలు ఊరే రోజుల్లో పడే సాయంత్రపు జల్లులకు కాస్త అటూ ఇటూగా ఈ సందడి ఎక్కువవుతుంది. నైరుతి రుతుపవనాలు స్థిరపడ్డాక కూడా కొన్ని జాతులు వినబడతాయి గాని, కొత్తగా మొదలుపెట్టేవారికి అది అనువైన కాలం కాదు. నేలలో ఎనిమిది అంగుళాల లోతున వేడి 18 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే సికాడాలు పైకి వస్తాయన్న సూత్రం కూడా మీకు ఎదురయ్యే ఉంటుంది. అది మంచు కరిగి నేల మెల్లగా వేడెక్కే చోట్ల మ్యాజిసికాడాల కోసం చెప్పుకునే లెక్క. బెంగళూరు నేల చలికాలంలో కూడా ఆ మాత్రం వెచ్చగానే ఉంటుంది కనుక, ఇక్కడ థర్మామీటరు గుచ్చి చూడడం వల్ల ప్రయోజనం లేదు.

వినడం మొదలుపెట్టే ముందు, వింటున్నది సికాడానేనా అని తేల్చుకోవాలి. మనవాళ్ళు చాలామంది కీచురాయి శబ్దాన్నీ దీన్నీ ఒకటిగానే లెక్కవేస్తారు. కీచురాయి తన ముందు రెక్కలు రెండింటినీ ఒకదానితో ఒకటి రాపాడించి శబ్దం చేస్తుంది. ఎక్కువగా చీకటి పడ్డాక, నేలమీది గడ్డిలోనో పొదల్లోనో, తెగి తెగి పలుకుతుంది. సికాడా పట్టపగలు, తలకు పైన ఉండే కొమ్మలనుంచి, ఊపిరి తీసుకోనట్టుగా సాగదీస్తుంది. రాత్రి పదకొండింటికి మీ బాల్కనీ కింది మొక్కల్లోంచి వచ్చే సన్నని మోత ఎక్కువ సందర్భాల్లో కీచురాయిదో దాని బంధువుదో అనుకోవచ్చు. ఆ బంధువులూ తక్కువవేమీ కావు. చిక్కబళ్ళాపురం ప్రాంతంలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన రోహిణి బాలకృష్ణన్ బృందం చెట్టు కీచురాళ్ళ మీద జరిపి 2020లో ప్రచురించిన పరిశోధనలో, శబ్దం తక్కువగా ఉన్న మగవి ఆకుకు కంత కొరికి, అందులో రెక్కలు పెట్టి పలకడం ద్వారా తమ గొంతు పెంచుకుంటాయని తేలింది. కాబట్టి వట్టి గట్టితనాన్ని బట్టి ఇది ఫలానా అని తీర్పు చెప్పకండి. వేళ, ఎత్తు, ధార, ఈ మూడింటినీ కలిపి చూడండి.

సికాడా శబ్దం రెక్కలనుంచి పుట్టదు. మగ పురుగు పొట్ట మొదటి ఖండానికి రెండు పక్కలా టింబల్ అనే పలుచని, గట్టి గీతలున్న పొర ఒక్కొక్కటి ఉంటుంది. లోపలి కండరం లాగినప్పుడు అది లోపలికి ముడుచుకుని, వదలగానే యథాస్థానానికి వస్తుంది. పాత రేకు డబ్బా మూతను బొటనవేలితో నొక్కి వదిలితే టక్కుమన్నట్టే, ప్రతి ముడుతకూ ఒక టక్కు. సెకనుకు వందల సార్లు ఇలా జరగడం వల్ల విడివిడి టక్కులు మన చెవికి అందక, ఒకే ఝుంకారంగా వినబడతాయి. మగవాటి పొట్టలో ఎక్కువ భాగం గాలితో నిండిన బోలు గది. శబ్దం అక్కడ పెద్దదై బయటికి వస్తుంది. ఆడవాటికి టింబళ్ళు లేవు, అవి పాడవు. ఆఫ్రికాకు చెందిన బ్రెవిసానా బ్రెవిస్ అనే సికాడా శబ్దాన్ని అర మీటరు దూరంనుంచి కొలిస్తే 106.7 డెసిబెల్స్ వచ్చింది. మన చెట్ల మీదివి అంత ఘోరంగా అరవకపోయినా, ఒకే చెట్టు మీద పదుల సంఖ్యలో చేరితే పక్కనున్న మనిషి మాట వినబడడం కష్టమే. వేసవిలో అలిపిరి మెట్ల దారిలోనో తలకోన అడవిలోనో నడిచినవారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు.

వేళల విషయంలో నా సలహా రెండు పూటలు ఎంచుకోమని. మొదటిది ఎండ చెట్ల పైకొమ్మలను బాగా తాకాక, సుమారు పది గంటలనుంచి మధ్యాహ్నం వరకు. పాడడానికి ఒళ్ళు వెచ్చబడాలి కాబట్టి, మబ్బు పట్టిన ఉదయాల్లో అవి ఆలస్యంగా మొదలుపెడతాయి, ఒక్కోసారి అసలు నోరు మెదపవు. రెండవది సూర్యాస్తమయానికి అటూ ఇటూ ఉండే అరగంట. ఏప్రిల్‌లో ఇక్కడ సూర్యుడు దాదాపు ఆరున్నరకు అస్తమిస్తాడు కనుక, ఆరుంబావుకే చోటు చూసుకుని కూర్చోవడం మంచిది. చల్లబడుతున్న వేళలో ఒళ్ళు వెచ్చగా ఎలా ఉంటుందన్న సందేహం మీకు రావచ్చు. దక్షిణాఫ్రికాలోని ప్లాటిప్లూరా ప్రజాతి, దాని దగ్గరి ప్రజాతుల మీద జరిగిన పరిశోధనల్లో, వాటిలో కొన్ని ఎండ మీద ఆధారపడకుండా తమ కండరాలతోనే వేడి పుట్టించుకుని, వెలుతురు తగ్గి పక్షుల బెడద తక్కువగా ఉండే వేళలో పాడతాయని తేలింది. ఆ ప్లాటిప్లూరా ప్రజాతికి చెందిన జాతులు దక్షిణ భారతంలోనూ ఉన్నాయి. సాయంత్రపు సందడి పావుగంటలోనే తారస్థాయికి వెళ్ళి, ఎవరో ఆజ్ఞ ఇచ్చినట్టు ఆగిపోవడం మీరే గమనిస్తారు.

శబ్దం వచ్చే దిక్కు పట్టుకోవడమే అసలు కష్టం. పలువురు ఒకేసారి పాడుతుంటే, అందులోనూ తెరిపి లేని సన్నని స్వరమైతే, అది అన్ని పక్కలనుంచీ వస్తున్నట్టే ఉంటుంది. బృందంలోంచి ఒకదాన్ని వెతకబోకుండా, గుంపుకు కాస్త దూరంగా ఒంటరిగా పాడుతున్న మగపురుగును ఎంచుకోండి. రెండు అరచేతులనూ చెవుల వెనుక దొప్పల్లా పెట్టి, తలను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పితే ఒక దిశలో శబ్దం స్పష్టంగా పెరుగుతుంది. ఆ దిశను గుర్తుపెట్టుకుని, పదడుగులు పక్కకు జరిగి మళ్ళీ అదే చేయండి. రెండు దిశలు ఎక్కడ కలుస్తాయో పురుగు దాదాపు అక్కడే ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే తప్పకుండా వెంట తీసుకువెళ్ళండి. చాలా జాతుల పాట 4 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. వయసు పైబడిన కొద్దీ మన చెవి ముందుగా పోగొట్టుకునేది ఆ పై స్థాయిలనే. తాతకు వినబడని పురుగును మనవరాలు వేలెత్తి చూపించడం ఇక్కడ సర్వసాధారణం.

మాట్లాడితే పాట ఆగిపోతుందని మరీ భయపడకండి. ఫ్రెంచి కీటక పరిశీలకుడు ఝాఁ హెన్రీ ఫాబ్ర్ పందొమ్మిదవ శతాబ్దంలో, తన ఇంటి ముందున్న చెట్ల కింద ఊరి ఉత్సవాల్లో వాడే ఫిరంగులను పేల్పించి, పైనున్న సికాడాలు పాట ఆపకపోవడం చూసి, వాటికి చెవులే లేవన్నంత దూరం వెళ్ళాడు. నిజానికి వాటికి పొట్ట అడుగున కర్ణభేరులు ఉన్నాయి. పాడేటప్పుడు మగపురుగు తన శబ్దానికి తానే బాధపడకుండా వాటిని సడలించుకుంటుంది కూడా. ఫిరంగి మోతలోని బలమంతా కింది స్థాయిల్లో ఉంటే, వాటి వినికిడి తమ పాట ఉండే స్థాయిలకు పదునుపెట్టి ఉంటుంది. అందువల్ల మీరు మెల్లగా మాట్లాడుకుంటే వచ్చే నష్టం లేదు. చేయి విసురుగా ఎత్తితేనే, నీడ కదిలితేనే పాట ఆగిపోతుంది. తలకు రెండు పక్కలా పొడుచుకువచ్చిన పెద్ద కళ్ళు, వాటి మధ్య నుదుటిమీద మరో మూడు చిన్న కళ్ళు ఉన్న జీవి ముందు చేతులూపుతూ నిలబడడం తెలివైన పని కాదు. పాట ఆగితే మీరూ ఆగండి. కదలకుండా కొన్ని నిమిషాలు నిలబడితే, మళ్ళీ చిన్నగా సవరించుకుని మొదలుపెడుతుంది.

ఇలా చెట్టు దాకా వచ్చాక కూడా కనబడకపోవచ్చు. ప్లాటిప్లూరాల ముందు రెక్కల మీద బూడిదరంగు, గోధుమరంగు మచ్చలుండి, నిద్రగన్నేరు, వేప, కానుగ బెరడులో కలిసిపోతాయి. అందుకని బెరడు మీద వెతకకుండా, మాను అంచు వెంట ఆకాశం నేపథ్యంగా ఏదైనా చిన్న ఉబ్బు కనబడుతుందేమో చూడండి. ఉదయం ఏటవాలు ఎండ దీనికి బాగా సాయపడుతుంది. మనిషి ఇటు వస్తే సికాడా మాను చుట్టూ అటు జరుగుతుంది, కాబట్టి ఇద్దరు చెరో పక్కనుంచి వెళ్తే ఒకరికైనా దొరుకుతుంది. ఎండవేళ చెట్టు కింద నిలబడ్డప్పుడు సన్నని తుంపర మీద పడితే తల పైకెత్తి వెతకండి. ఇవి చెట్టు దారువులోని, అంటే వేళ్ళనుంచి నీటిని పైకి తీసుకువెళ్ళే భాగంలోని, పలుచని రసాన్ని తాగుతాయి. అందులో నీరే ఎక్కువ, పోషకాలు బహు తక్కువ కనుక, ఎంత తాగుతాయో అంతా దాదాపుగా వదిలేయక తప్పదు. జార్జియా టెక్‌కు చెందిన పరిశోధకులు 2024లో ప్రచురించినదాని ప్రకారం, సికాడాలు ఆ నీటిని చిన్న కీటకాల్లా బొట్లుబొట్లుగా రాల్చకుండా ధారగా చిమ్ముతాయి. ఆ తుంపరే మీ చొక్కా మీద పడేది. ఆరితే మరక కూడా మిగలదు.

చూడడమే ముఖ్యమనుకుంటే మాత్రం పగటి వేట మానుకుని, రాత్రిపూట అవి నేలనుంచి పైకి వచ్చే ఘట్టం కోసం కాచుకోండి. ఆడపురుగు లేత కొమ్మను చీల్చి అందులో గుడ్లు పెడుతుంది. పొదిగి వచ్చిన పిల్లపురుగులు నేలమీద రాలి, మట్టిలోకి దిగి, వేళ్ళ రసం తాగుతూ ఏళ్ళ తరబడి పెరుగుతాయి. ఆఖరి దశ పిల్లపురుగు వేసవిలో చీకటి పడ్డాక వేలు దూరేటంత గుండ్రని రంధ్రంలోంచి బయటికి వచ్చి, ఏ మానునో గోడనో పట్టుకుని పైకి పాకుతుంది. కాళ్ళు గట్టిగా తగిలించుకున్నాక వీపు మధ్యన చీలిక పడి, లోపలినుంచి పాలిపోయిన లేత ఆకుపచ్చ పురుగు వెనక్కి వంగుతూ బయటపడుతుంది. ముడుచుకుని ఉన్న రెక్కలలోకి ద్రవం ఎక్కి అవి విప్పారడానికి గంట వరకూ, రంగు తేలి ఒళ్ళు గట్టిపడడానికి మరికొన్ని గంటలూ పడుతుంది. ఈ సమయంలో దాన్ని ముట్టుకోకూడదు. వేలు తగిలి కింద పడితే రెక్క వంకరగానే గట్టిపడిపోయి, ఆ పురుగు ఇక ఎగరలేదు. టార్చిని నేరుగా దాని మీదికి వేయకుండా పక్కకు వేయండి, వీలైతే ఎర్రటి పలుచని కాగితం అడ్డం పెట్టండి.

పార్కులు సాయంత్రం మూసేస్తారు కాబట్టి ఈ కాపలాకు అవి పనికిరావు. మీ అపార్ట్‌మెంట్ ప్రాంగణంలో ముప్ఫై నలభై ఏళ్ళ చెట్లూ, వాటి మొదట్లో సిమెంటు పలకలు పరచని మట్టీ ఉంటే అక్కడే ప్రయత్నించవచ్చు. ఈ రెండో షరతు చాలా ముఖ్యం. చెట్టు ఎంత పెద్దదైనా దాని మొదలు చుట్టూ పలకలు బిగిస్తే, లోపలున్న పిల్లపురుగులకు పైకి వచ్చే దారి ఉండదు, పైనుంచి రాలినవాటికి లోపలికి వెళ్ళే దారీ ఉండదు. కొత్త లేఅవుట్లలో చెట్లున్నా సికాడాలు వినబడకపోవడానికి ఇదొక కారణమని నేను గట్టిగా అనుకుంటాను. శ్రీనివాసపుర, చింతామణి వైపు మామిడి తోటలున్న బంధువులుంటే, మందు కొట్టని తోటలో, తొలి జల్లు పడిన మరునాటి రాత్రి ఏడింటినుంచి పది దాకా కూర్చోవడం అన్నిటికంటే మేలు. పాముల భయం ఉంటుంది గనుక బూట్లు వేసుకుని, తోట తెలిసినవారిని వెంటబెట్టుకుని వెళ్ళండి.

రాత్రి మేలుకోలేనివారికి తెల్లవారి మిగిలే కుబుసం చాలు. లేత గోధుమరంగు డొల్ల, వీపున చీలిక, మట్టి అంటిన బలమైన ముందుకాళ్ళు, చీలికలోంచి వేలాడే సన్నని తెల్లని దారాలు దాని గుర్తులు. ఆ దారాలు పాత శ్వాసనాళాల లోపొరలు. పాట ఎక్కడికైనా వినబడవచ్చు, పురుగు ఎక్కడినుంచైనా ఎగిరి రావచ్చు, కాని కుబుసం ఉన్నదంటే ఆ చెట్టు మొదట్లోనే, ఆ మట్టిలోనే అది పెరిగిందని ఖాయం. కబ్బన్ పార్కులో ఆదివారాలు లోపలి రోడ్ల మీద వాహనాలు తిరగవు కాబట్టి, ఆ ఉదయం పెద్ద చెట్ల మానులను నేలనుంచి తలెత్తు వరకు నిదానంగా చూసుకుంటూ వెళ్ళవచ్చు. నగరం దాటి వెళ్ళగలిగితే బన్నేరుఘట్ట అంచులు, నంది కొండ చెట్ల దారి కూడా బాగుంటాయి.

రికార్డింగు గురించి ఒక హెచ్చరిక. ఫోన్లలోని చాలా రికార్డర్లు మనిషి గొంతును ఉంచి, వెనుక ఎడతెగకుండా వినబడే శబ్దాన్ని రొదగా భావించి తీసేసేలా తయారయ్యాయి. సికాడా పాట సరిగ్గా ఆ కోవకే వస్తుంది. అందువల్ల నాయిస్ రిడక్షన్ ఆపివేసి, కుదిరితే వేవ్ ఫార్మాట్‌లో, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు వద్ద, ఒక నిమిషానికి తగ్గకుండా రికార్డు చేయండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే పై స్థాయిలు చాలావరకు పోతాయి, ఫైలుగా పంపండి. మొదట్లో తేదీ, వేళ, స్థలం, చెట్టు పేరు, ఎండా మబ్బా అన్నది మీ గొంతుతోనే చెప్పేస్తే తరువాత వెతుక్కునే పని ఉండదు. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దాన్ని బొమ్మగా చూపే పటం, తెరిస్తే, చెవికి ఒకేలా ఉన్న రెండు పాటలు వేర్వేరు ఎత్తుల్లో రెండు పట్టీలుగా విడిపోయి కనబడతాయి. పాటను, కుబుసాన్ని, దొరికితే పురుగును పైనుంచి, పక్కనుంచి, అడుగునుంచి తీసిన ఫొటోలను, జీవులను గుర్తించడంలో నలుగురూ సాయపడే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో కలిపి పెట్టండి. అడుగు ఫొటో ఎందుకంటే, మగవాటికి పొట్ట మొదట్లో రెండు పెద్ద రేకుల వంటి మూతలు, ఆడవాటికి చివరన గుడ్లు పెట్టే మొన కనబడతాయి. జాతి తేల్చేవారు ముందుగా అడిగేది వాటినే. ఒక్క ఫొటో చూసి ఎవరైనా జాతి పేరు ధీమాగా చెప్పేస్తే దాన్ని తాత్కాలికంగా మాత్రమే స్వీకరించండి.

పిల్లలకు ప్రమాదమా అని కూడా అడిగారు. సికాడాలు కుట్టవు, విషం లేదు, మనిషి రక్తం జోలికి రావు. అరచేతిలో చాలాసేపు ఉంచుకుంటే, కొమ్మ అనుకుని తొండం ఆనించి పొడవబోవచ్చు, అంతకు మించి ఏమీ జరగదు. వేసవి రాత్రుల్లో కారిడార్ ట్యూబ్‌లైటుకు వచ్చి తలుపులకు కొట్టుకుంటుంటే, లైటు ఆపి, ఒక గ్లాసు బోర్లించి కింద అట్టముక్క దూర్చి తీసుకువెళ్ళి, దగ్గరలోని చెట్టు మాను మీద నిటారుగా ఆనించి వదిలేయండి. ఆ గ్లాసులో ఉన్న నిమిషంలో అది గీపెట్టి అరిస్తే మగది. దాని పొట్ట అడుగుభాగం ఫొటో తీసుకోవడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు.